వెనక్కి దిగుడు

కాజీపేట స్టేషన్ల
వంతెన మెట్లు నేను వెనక్కి తిరిగి దిగుత,
రెయిలింగు రెండు చేతులా పట్టుకొని
నిచ్చెన దిగినట్టు
కాలివేళ్లతోటి ఒక్కో మెట్టు తడుముకుంట.
"ఏందమ్మా, బండిల ఏమన్న మర్చిపోయినవా?"
ఓసారి పల్లీలమ్మే పిలగాడు అడిగిండు.
మర్చిపోలే బిడ్డా,
మోకాళ్లకు ముందుకు దిగుడు ఇష్టం లేదు.

ఎమ్జీఎమ్ దవాఖానల డాక్టరు
ఫిలిం లైటు మీద పెట్టి బాల్‌పెన్నుతోటి చూపిచ్చిండు.
"ఈడ సందు ఉండాలె. లేదు."
పరకాల బస్సుల ఒక్క సీట్ల ఇరికిన ఇద్దరి లెక్క
ఎముక మీద ఎముక.
"ఏం పని చేసేదానివమ్మా? మూటలు మోసేదానివా?"
"ఉరికేదాన్ని."
"ఎవరి నుంచి?" అని నవ్విండు.
మంచి పిలగాడే. నేనూ నవ్విన.

ఎవరి నుంచో ఇప్పటిదాక ఆలోచిస్తున్న.

సుబేదారి నుంచి ధర్మసాగరం దాక,
తెల్లారకముందు, తారు రోడ్డు మీద.
ఎండకాలం గుట్టల రాయి రాత్రంత సల్లారకపోయేది.
కుక్కలు నా అడుగు ఎరుకై మొరుగుడు మానేసినయి.
వెనక స్కూటరు మీద సారంగపాణి సారు,
"నొప్పి అంటే హాజరు పిలుపే ఓదెమ్మా,
ఉన్న అని చెప్పి, ఉరుకు."
చెప్పిన. ఉరికిన.
చౌరస్తల కొన్న కాన్వాసు బూట్లల్ల
బొటనవేలి గోరు నల్లబడి ఊడింది.
మొదటిది అగ్గిపెట్టెల దాసుకున్న.
అమ్మ పొయ్యి ముట్టియ్యబోయి చూసి, తిట్టి, పారేసింది.
తర్వాతయి లెక్కపెట్టలే.

పద్దెనిమిదో ఏట నెలసరి ఆగింది.
పదకొండు నెలలు.
హాస్టల్ల సంబురపడ్డం,
బట్టల బాధ లేదు, పోటీకి అడ్డం లేదని.
సారుకు నేను చెప్పలే. సారు అడగలే.
ఎముకలు మాత్రం ఆ పదకొండు నెలలు
బాకీ పద్దుల రాసిపెట్టుకున్నయట.
వడ్డీతోటి ఇప్పుడడుగుతున్నయి.

వచ్చింది మూడో స్థానం.
దానికే రైల్వే కొలువు, పార్సిల్ ఆఫీసుల రసీదులు,
ఇన్నేండ్ల అన్నం.
తక్కువేం కాదు.
పదివేల మీటర్లకు ఇరవై అయిదు చుట్లు తిరిగినదాన్ని
బతుకమ్మ చుట్టు మూడు తిరిగి పక్కకొచ్చి కుర్చీ అడుగుత.
పెండ్లిల్ల బంతి లేచినంక తింట.
గుండె ఒక్కటే నిమిషానికి నలభై ఆరు కొట్టుకుంటది.
నర్సు భయపడి రెండుసార్లు చెయ్యి పట్టి చూసింది.
దానికెవ్వలు చెప్పలే,
పోటీ ఇంకా రేపే అనుకుంటున్నది.

ఆదివారం హనుమకొండ స్టేడియం పోత.
ములుగు దిక్కు తండా పిల్ల, కేస్లీ,
మంచిగ ఉరుకుతది. నాకంటె మంచిగ.
తొమ్మిదో చుట్టు దాక ఏం కనబడది.
తొమ్మిదో చుట్టుల ఎడమ పాదం
ఇసుమంత బయటికి పడ్తది.
పిలిచిన.
"కాలి ముందటి ఎముకల ఒక్కటే కాడ గుచ్చుతుందా?"
"లేదక్కా," నా వేలు తాకకముందే
కాలు గుంజుకున్నది.
నేను గూడ గిట్లనే గుంజుకున్న.
"నెలనెలా వస్తున్నదా?"
ట్రాకు దిక్కు చూసింది.

ఆగు అనాల్నా?
నన్ను ఎవ్వలన్న ఆగుమంటే
ఆ మనిషిని దాటి ఉరికేదాన్ని.
"రేపొద్దున నా ఎంబడి దవాఖానకు రా" అన్న.
"జిల్లా పోటీలైనంక," అన్నది.
ఉడకబెట్టి తెచ్చిన రెండు గుడ్ల డబ్బా
చేతుల పెట్టిన. తీసుకున్నది.

గేటు కాడ మూడే మెట్లు.
వెనక్కి తిరిగి దిగిన.
అట్ల దిగితే
కడపటి మెట్టు దాక ట్రాకు కనబడ్తది.
పదో చుట్టు.
ఎడమ పాదం.